హోంవర్కు బాకీలు

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు గద్వాల దిక్కు తిరిగిందో లేదో కిటికీలోంచి ఆ వాసన లోపలికి వచ్చేసింది. పత్తికి కొట్టే మందు వాసన. పక్క సీట్లో ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది, కిటికీ మూయమన్నట్టు. సగం మూసి ఊరుకున్నాను. పూర్తిగా మూయబుద్ధి కాలేదు.

ఆ వాసన నాకు చేన్ల వల్ల కన్నా పిల్లల నోటుపుస్తకాల వల్ల ఎక్కువ తెలుసు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. ఇక్కడి బడుల్లో ఏళ్ల తరబడి లెక్కల మాస్టరుగా చేశాను. శ్రావణం వచ్చాక దిద్దడానికి తెచ్చుకున్న పుస్తకాల కట్ట విప్పితే ఇల్లంతా మందు వాసన. కొన్ని పుస్తకాలు కిరోసిన్ వాసన వేసేవి. కొన్నిటి అట్టల మీద జొన్నపిండి చేతి గుర్తులు ఉండేవి. ఏది ఎవరి పుస్తకమో పేరు చూడకముందే తెలిసేది. అసలు రాని పుస్తకాలు ఎవరివో కూడా తెలిసేది.

మొన్న ఒక పాత విద్యార్థి కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. ఫోను పెట్టేసే ముందు, "సార్, ఆ ఖాతా పుస్తకం ఉన్నదా ఇంకా? ఉంటే పట్కరాండ్రి" అన్నాడు. ఉన్నది. అట్ట ఊడింది, మూలలు చెదలు కొట్టాయి, కాని ఉన్నది. సంచీలో పెట్టుకుని బయల్దేరాను.

*

ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది నేతగాళ్ల ఇల్లు. నాయన గద్వాల చీర నేసేవాడు. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. బడి నుంచి రాగానే నా పని కండెలు చుట్టడం. అమ్మ రాట్నం ఒక మూల, నాది ఒక మూల. రాట్నం తిరిగే చప్పుడు, మగ్గం ఆడే చప్పుడు కలిసి ఒక పాటలా సాగుతుంటే ఆ సందులోనే నేను పుస్తకం తెరిచేవాణ్ణి. నాయన మాటతో పిలిచే మనిషి కాదు. చేతిలో కండె అయిపోవస్తే మగ్గం కట్టె మీద రెండుసార్లు తట్టేవాడు. ఆ తట్టు వినపడగానే పెన్సిలు కింద పెట్టి లేవాలి. అందుకే నా చూచివ్రాత ఎప్పుడూ సగం వాక్యంలో ఆగి ఉండేది. "సత్యమునే" అని రాసి ఉంటుంది, "పలుకవలెను" ఉండదు.

పొద్దున బడిలో మొదటి గంట కొట్టాక లీడరు బోర్డు మూలలో గీత గీసి, "హోంవర్కు తేనివాళ్లు" అని రాసి, కింద పేర్లు వేసేవాడు. నా పేరు అక్కడ ఎంత అలవాటంటే, వాడు నా దిక్కు చూడకుండానే రాసేవాడు. తర్వాత చింతబరిక. లేకపోతే గోడకుర్చీ. గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడటం. తొడలు వణకడం మొదలైతే ఇక ఎక్కాలూ గుర్తుండవు, పద్యాలూ గుర్తుండవు. ఆ వణుకు ఒక్కటే ఉంటుంది. కొట్టని సార్లు ఇంపోజిషన్ ఇచ్చేవాళ్లు. ఈ రోజు పది సార్లు, తేకపోతే రేపు ఇరవై, ఎల్లుండి నలభై. అసలు పాఠం ఏమిటో మరిచిపోయేంతగా పెరిగేది ఆ లెక్క.

"పుస్తకం ఇంట్ల మర్చిపోయిన సార్" అంటే, "పోయి తేపో" అని పంపేవాళ్లు. ఇంటిదాకా పోయి, లోపలికి పోకుండా అరుగు మీద కాసేపు కూర్చుని, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాణ్ణి. లోపల మగ్గం ఆడుతూ ఉండేది. ఎందుకు రాయలేదని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేవాణ్ణి కాదు. కండెలు చుట్టడం ఒక కారణమని నాకే తట్టలేదు. ఊపిరి పీల్చడం కారణమని ఎవరైనా చెప్తారా?

*

ఇంత అనుభవించినవాణ్ణి, మాస్టరునయ్యాక మెత్తగా ఉండాలి కదా. ఉండలేదు. చింతబరిక నా చేతిలోకి వచ్చింది. క్లాసులో యాభై మంది దాకా ఉండేవాళ్లు, సిలబస్ మిగిలిపోతుండేది, పక్క గదిలో సారు కొడుతున్న చప్పుడు వినపడుతుండేది. కొట్టకపోతే చేతకానివాడు అనుకుంటారేమోనని భయం. నాలుగైదేళ్లు అట్లా గడిచాయి. ఆ నాలుగైదేళ్ల పిల్లలు ఎక్కడ కనిపించినా ఇప్పటికీ ముందు వాళ్ల చేతుల వైపే చూస్తాను.

ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల. వెనక బల్ల, కిటికీ పక్క. వరుసగా నాలుగు రోజులు హోంవర్కు లేదు. చెయ్యి చాపమన్నాను, చాపింది. కొట్టాను. ఏడవలేదు. రెండో చెయ్యి చాపినప్పుడు చూశాను, బొటనవేలి గోరు నల్లగా పాకుడు పట్టినట్టు ఉంది, చుట్టూ వాచింది.

"ఏందమ్మా ఇది?"

"క్రాసింగు సార్."

ఆ మాట నేను అంతకుముందు విననిది కాదు. నడిగడ్డలో పిల్లా పెద్దా అందరికీ తెలిసిన మాట. సీడు పత్తి మామూలు పత్తి కాదు, విత్తనం కోసం వేసే పత్తి. మగ మొక్కలు ఒక దిక్కు, ఆడ మొక్కలు ఒక దిక్కు వేస్తారు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవ్వాళ సాయంత్రమే బొటనవేలి గోటితో చీల్చి, రేకులతో పాటు పుప్పొడి కాడలను తీసేయాలి. లోపలి కీలానికి గోరు తగలకూడదు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కీలం కొనకు పుప్పొడి రాయాలి. ఒక్కొక్క మొగ్గ చేత్తోనే. రెండు నెలలు, మూడు నెలలు రోజూ ఇదే. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని, పొట్టి పిల్లలయితే వంగే పని లేదని బడి పిల్లల్ని పెట్టుకునేవాళ్లు, అందులో ఆడపిల్లల్ని ఎక్కువ.

అన్నీ తెలుసు. కాని ఒక్క సంగతి ఆ రోజే నా బుర్రకు ఎక్కింది. సాయంత్రం మొగ్గలు గిల్లే వేళ, నేను ఇచ్చిన హోంవర్కు చేయవలసిన వేళ. పొద్దున పుప్పొడి రాసే వేళ, మా ప్రార్థన గంట కొట్టే వేళ. చేను తీసుకోగా మిగిలిన పిల్ల నా క్లాసుకు వస్తున్నది.

బెత్తం బల్ల మీద పెట్టాను. ఆ రోజుతో మానేశానని చెప్తే అబద్ధమవుతుంది. చెయ్యి అప్పుడప్పుడూ దాన్ని వెతికేది. కాని ఆ గోరు గుర్తొచ్చేది.

*

ఆ వారమే బారువడ్డీ పాఠం మొదలుపెట్టాను. అసలు, కాలం, వడ్డీ రేటు, వందతో భాగించడం. బోర్డు మీద సూత్రం రాసి, పుస్తకంలో లెక్క చదివాను. సంవత్సరానికి నూటికి ఇన్ని రూపాయలని. ఒక్కరికీ ఎక్కడం లేదు. వెనక నుంచి ఆ పిల్ల లేచింది.

"సార్, సంవత్సరానికి ఎవరిస్తరు? మా ఊర్ల నెలకే లెక్క. నూటికి రెండు రూపాలు."

"సరే, చెప్పు."

"మా నాయిన సీడు రైతు తాన 5000 దెచ్చిండు. నెలకు 100. ఆరు నెల్లకు 600."

సూత్రం లేదు, భాగహారం లేదు. నోటితోనే చెప్పేసింది. తర్వాత కాసేపు ఆగి, "నా కూలి దినానికి 20 సార్. ముప్పై దినాలు వడ్డీకే పోతది" అని కూర్చుంది.

క్లాసు నిశ్శబ్దమైంది. ఆ అడ్వాన్సు సంగతి నాకు అప్పుడు తెలిసింది. సీజనుకు ముందే తల్లిదండ్రుల చేతిలో డబ్బు పెడతారు, ఆ డబ్బుకు పిల్ల చేతులు జమానతు, అంటే పూచీ. బారువడ్డీని ఆ పిల్ల కన్నా బాగా చెప్పగల మాస్టరును నేను చూడలేదు. నా మార్కుల రిజిస్టరులో మాత్రం ఆమె పేరు పక్కన నాలుగు సున్నాలు ఉన్నాయి.

మర్నాటి నుంచి రాలేదు. పది రోజులు చూసి, సాయంత్రం సైకిలు మీద చేనుకు పోయాను. మొక్కల నడుమ తలలు కూడా సరిగా కనపడటం లేదు, చేతులు మాత్రం ఆడుతున్నాయి. బడి అంగీలు మూడు నాలుగు గుర్తుపట్టాను. ఆ పిల్ల నన్ను చూసి సాలులోకి వంగిపోయింది. నాయన వచ్చి చేతులు కట్టుకుని, "బాకీ తీరినంక పంపిస్త సార్" అన్నాడు. బాకీ అనే ఆ మాటే సైకిలు తొక్కుతున్నంతసేపూ చెవిలో తిరిగింది.

*

ఆ రాత్రే ఒక పొడుగాటి నోటుపుస్తకం తీసి, కిరాణా కొట్టులో రాసినట్టు గీతలు గీశాను. పేరు, పాఠం, బాకీ ఉన్న లెక్కలు, తీర్చిన రోజు. పిల్లలు దానికి ఖాతా పుస్తకమని పేరు పెట్టుకున్నారు.

పద్ధతి ఇదీ. హోంవర్కు తేలేనివాడు తనే వచ్చి తన చేత్తో ఖాతాలో రాయాలి. లీడరు రాయడానికి వీల్లేదు. ఎందుకు తేలేదో చెప్పాలి, చెప్పడం ఇష్టం లేకపోతే "పని" అని రాస్తే చాలు. బాకీకి వడ్డీ లేదు, పది సార్లు ఇరవై సార్లు లేవు. కాని బాకీ మాఫీ కూడా లేదు. దసరాకైనా, సంక్రాంతికైనా తీర్చాలి. పది లెక్కలు మిగిలిపోయిన పిల్లకు అందులో మూడే ఏరి ఇచ్చేవాణ్ణి. ఆ మూడు వస్తే తక్కిన ఏడూ వచ్చినట్టేననిపించే మూడు. అవి ఏరడానికే రాత్రి నాకు గంట పట్టేది. ఏ లెక్కలో పాఠం ఉన్నదో, ఏ లెక్క ఉత్త చాకిరీయో నాకు సరిగా తెలిసింది ఆ ఏరుకోవడంలోనే. రాయడానికి ఇంట్లో దీపం లేనివాళ్లు ప్రార్థనకు ముందు వేపచెట్టు కింద బోర్డు ముక్క మీద చేసి చూపించేవాళ్లు. నోటితో చెప్పినా జమ వేసేవాణ్ణి. తీర్చిన బాకీ మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసే హక్కు కూడా వాళ్లదే. ఆ గీత గీసేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి!

జమానతు అనేది పిల్లలే తెచ్చారు. ఎవరి బాకీ అయినా మూడు దాటితే ఇంకొకరు జమానతు ఉండాలి. అంటే పక్కన కూర్చుని నేర్పించాలి. రాసి ఇవ్వకూడదు. రాసి ఇచ్చారో లేదో బోర్డు దగ్గర ఒక్క లెక్క వేయిస్తే తేలిపోయేది.

హెడ్మాస్టరు గారికి ఇది నచ్చలేదు. "ఏం సారూ, హోంవర్కుకు ఉద్దెర పెట్టినవంట? ఇగ అందరు ఉద్దెరలే పెడ్తరు" అన్నారు. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. మొదటి నెలలో ఖాతా పేజీలకు పేజీలు నిండింది. ఇంట్లో ఏ పనీ లేని పిల్లలు కూడా "పని" అని రాశారు. మంచి సైకిలు, చేతికి గడియారం ఉన్న ఒకడు వరుసగా పద్నాలుగు బాకీలు పెట్టాడు. వాణ్ణి ఏం చేయాలో చాలా రోజులు తోచలేదు. చివరికి ఒక సాయంత్రం కూర్చోబెట్టి, చేనుకు పోయే పిల్ల పేజీ పక్కన వాడి పేజీ పెట్టి చదవమన్నాను. ఇంకేమీ అనలేదు. నాలుగు రోజుల్లో ఎనిమిది తీర్చాడు, తక్కిన ఆరు దసరా సెలవుల ముందు రోజు. అందరితోనూ ఇట్లా జరగలేదు. కొందరు ఆ ఉద్దెరలోనే పదో తరగతి దాకా వెళ్లిపోయారు. అయినా బోర్డు మూలలో పేర్లు రాసిన రోజుల్లో తీరిన వాటికన్నా ఎక్కువే తీరాయి. నా కళ్లతో చూసిన మాట.

*

ఒక రోజు ఆరో తరగతి పిల్లవాడు లేచి, "సార్, మా నోట్సులు దసరాకు ముందు తీస్కపోతిరి. ఎప్పుడు దిద్దుతరు?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు, కాని వాడు నిజంగానే అడిగాడు. పుస్తకాలు మా ఇంట్లో అటక మీద ఉన్నాయి. పిల్లలు రాసింది దిద్ది ఇవ్వకపోతే మళ్లీ ఎందుకు రాస్తారు? ఖాతా పుస్తకంలో చివరి పేజీ తిప్పి, నా పేరు రాసుకున్నాను. "6వ తరగతి, 41 పుస్తకాలు." తీర్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. అడ్డగీత వాడితోనే గీయించాను. అప్పటినుంచి ప్రతి ఏడూ ఆ పుస్తకంలో నాకొక పేజీ ఉంటూ వచ్చింది.

*

దసరా వెళ్లాక ఇంకొక రకం ఖాళీలు కనపడేవి. గుంపు మేస్త్రీ లారీ పెడతాడు, ఇంటిల్లిపాదీ మూటలు ఎత్తుకుని బొంబాయికో, పూణేకో. పాలమూరు లేబరు అని దేశమంతా పిలిచే మనుషులు వీళ్లే. ముసలివాళ్లు ఊళ్లో మిగులుతారు, పిల్లలు కొందరు మిగులుతారు, కొందరు వెళ్లిపోతారు. వెళ్లేవాడి పేజీలో ఒక గీత గీసి, "ఉగాది" అని రాసేవాణ్ణి. వెనక్కి వచ్చేది అప్పుడే కాబట్టి. వలసపోయిన వాళ్ల పిల్లల కోసం హాస్టళ్లు పెట్టింది తర్వాత.

ఒకడు ఉగాదికి తిరిగి వచ్చి, దారంతో కుట్టిన కాగితాల కట్ట ఒకటి ఇచ్చాడు. సిమెంటు బస్తా లోపలి కాగితం. దశాంశ భిన్నాలు, మొత్తం అభ్యాసం. సగం తప్పులే. ముట్టుకుంటే వేళ్లకు సిమెంటు అంటింది. వాడు లేనప్పుడు మేము చేసిన పాఠాలు ఆరు. ఆ ఆరింటిని వాడి మీద బాకీ వేయడానికి నాకు చెయ్యి రాలేదు. వేసవి సెలవుల్లో మా ఇంటి అరుగు మీద చెప్పాను. మొన్న గృహప్రవేశానికి పిలిచినవాడు వీడే. ఇప్పుడు తనే మేస్త్రీ. కొత్త ఇంటి గోడలు చూపిస్తూ సిమెంటు ఎన్ని బస్తాలు పట్టిందో లెక్క చెప్పాడు. దశాంశ బిందువు దగ్గర ఆగి నా ముఖం చూశాడు.

*

2002లో బడిలో పిల్లల్ని కొట్టకూడదని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షనులో ఆ మాటే దేశమంతటికీ చట్టమైంది. స్టాఫ్ రూములో చాలామంది, "ఇగ హోంవర్కు ఎవడు తెస్తడు?" అన్నారు. కర్ర తీసుకున్నారు, దాని బదులు ఏం చేయాలో చెప్పలేదన్న వాళ్ల బాధ నాకు అర్థమైంది. ఖాతా పుస్తకం చూపించాను. ఇద్దరు మొదలుపెట్టారు, ఒకరు మానేశారు.

తర్వాత నిరంతర మూల్యాంకనం వచ్చి నోటుపుస్తకానికి, ప్రాజెక్టు పనికి మార్కులు వచ్చాయి. మంచిదే. కాని గడువుకు మార్కులు వేయాలి కాబట్టి గైడు చూసి దింపిన పుస్తకాలు పెరిగాయి. ఒకే తప్పు ముప్పై పుస్తకాల్లో. దాని కన్నా సగం తప్పులతో ఆలస్యంగా వచ్చిన సిమెంటు కాగితం నాకు ఎక్కువ ఇష్టం. ఇప్పటికీ అదే మాట అంటాను.

చివరి ఏళ్లలో కరోనా. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానెల్ టీశాట్‌లో పాఠాలు. టీవీ చూసి లెక్కలు చేసి వాట్సాప్‌లో ఫోటో పెట్టాలి. పగలంతా ఒక్క ఫోటో రాదు. రాత్రి పదింటికి, పదకొండింటికి టింగు టింగుమని మొదలయ్యేవి. ఒక పిల్లను అడిగితే, "ఫోను నాయిన తానుంటది సార్, ఆయన ఆటో బంద్ చేసి వచ్చినంకనే" అన్నది. దీపం పోయి ఫోను వచ్చింది, అంతే. నేను ఆ ఫోటోలు వచ్చేదాకా మేలుకుని, చూసి, ఖాతాలో జమ వేసి పడుకునేవాణ్ణి.

*

గృహప్రవేశం భోజనాల తర్వాత పందిట్లో పాత పిల్లలు పది మంది దాకా పుస్తకం చుట్టూ చేరారు. ఎవరి పేజీ వాళ్లు వెతుక్కున్నారు. మొదటి పేజీలో మొదటి పేరు దగ్గర అందరూ ఆగారు. చేను నుంచి వచ్చిన ఆ రాత్రి నేను రాసిన పేరు అది. "బారువడ్డీ, 4 నుంచి 9 లెక్కలు." పిల్లల బాకీల్లో నా చేత్తో రాసింది అదొక్కటే, ఎందుకంటే రాయడానికి ఆమె రాలేదు. అడ్డగీత లేదు. తర్వాత బడికి ఎన్నడూ రాలేదు.

"తుంగభద్ర అవతలికి ఇచ్చిండ్రు సార్, కర్నూలు దిక్కు. ఫోను కలపాల్నా?" అని ఒకామె అడిగింది. నేను ఔననకముందే కలిపి చేతిలో పెట్టింది.

నా పేరు చెప్పగానే అవతల కాసేపు మాట లేదు. గాలి చప్పుడు వినపడుతోంది, ఎవరో దూరం నుంచి ఎవరినో పిలుస్తున్నారు. పుస్తకం సంగతి చెప్పాను. ఆ రోజు కొట్టినందుకు తప్పయిందమ్మా అని కూడా చెప్పాను. దానికి ఆమె జవాబు ఇవ్వలేదు.

"ఏ లెక్కలు సార్? రెండు రూపాల వడ్డీవేనా?"

"అవేనమ్మా."

"ఇప్పుడు మా తాన మూడు రూపాలు నడుస్తున్నది సార్" అన్నది. తర్వాత, "నా పేరు కొట్టేస్తిరా?"

"లేదు."

"ఉంచుండ్రి సార్. మా చిన్నది ఎనిమిదికొచ్చింది, దానికీ అదే పాఠం. దాని పక్కన కూసోని చేసి ఫోటో పంపిస్త."

నా నంబరు రాసుకున్నది. అది జరిగి పన్నెండు రోజులు. ఇది రాస్తున్న వేళకు ఫోటో ఇంకా రాలేదు. క్రాసింగు రోజులు.